ఏమీ పారని గొట్టం

డెబ్భైల్లో మా ఇంటికి ఒక అమెరికా కారు వచ్చింది. నాన్న దాన్ని కొన్నాడనడం కంటే అది నాన్న మెడకి చుట్టుకుందనడం సబబు. మైలవరం అవతల చిన్న మిషన్ ఆసుపత్రి నడిపిన దొరగారు స్వదేశం వెళ్లిపోతూ మంచాలూ, బీరువాలూ, ఆఖరికి కోళ్లగూడు కూడా పంచిపెట్టాడు. ఎవరూ ముట్టుకోని వస్తువు కారొక్కటే మిగిలింది. తనకి తెలుగు నేర్పిన మా నాన్న చేతిలో తాళం పెట్టి, "తీసుకెళ్లండి మాస్టారూ, మీ పిల్లలకి పనికొస్తుంది" అన్నాడట. పిల్లలంటే నేనొక్కదాన్నే. అప్పటికి నాకు పాతికేళ్లు దాటాయి. ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరుగా చేస్తున్నాను.

పచ్చి జామకాయ రంగు కారు. భవానీపురంలో మా ఇంటి గేటు లోపలికి దాని తల పెడితే తోక వీధిలో ఉండేది. పాలవాడు రోజూ దాని చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చి, పాలతోబాటు రెండు తిట్లు కూడా పోసిపోయేవాడు. స్టీరింగు ఎడమవైపు. అది చాలనట్టు క్లచ్ లేదు. గేర్లు అదే మార్చుకుంటుంది. స్టీరింగు పక్కనున్న చిన్న పుల్లని ఒక్కసారి కిందికి లాగి, యాక్సిలరేటరు తొక్కడమే మన పని.

ఇలాంటి వింత బెజవాడలో మగవాళ్లు ఊరికే వదుల్తారా? బంధువులూ, మా చర్చివాళ్లూ, లారీలు తోలే మా పక్కింటి బాబాయిగారూ, ఒక్కొక్కరే వచ్చి ఎక్కారు. డ్రైవింగు వచ్చిన ప్రతివాళ్ల ఎడమకాలూ అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతుక్కుంటూ వెళ్లి, అక్కడున్న వెడల్పాటి బ్రేకు మీద దబ్బున పడేది. కారు ఉన్నపళాన మోకరిల్లేది. లోపలున్నవాళ్లు అద్దానికి ముద్దు పెట్టేవాళ్లు. నేను గుమ్మంలో కూర్చుని కడుపు నొప్పి పుట్టేలా నవ్వేదాన్ని.

నా ఎడమకాలు దేన్నీ వెతకదు. మూడో ఏట పోలియో వచ్చినప్పట్నించీ అది నాతోబాటు వస్తుందంతే, పనిలోకి రాదు. ఇనప పట్టీల చట్రం తొడిగి, చంకలో కర్రతో నడుస్తాను. ఒక సాయంత్రం, కృష్ణ ఒడ్డున ఖాళీగా ఉన్న దారిలో, నాన్న కారాపి కిందికి దిగాడు. నా వైపు వచ్చి తలుపు తీసి, "అటు జరుగు. దీనికి ఒక్క కాలు చాలు" అన్నాడు. వేళాకోళమనుకున్నాను. కాదు. పుల్ల లాగాను, కుడికాలితో మెల్లగా తొక్కాను. అంత పెద్ద కారు నా మాట విని కదిలింది. ఆ సంతోషాన్ని ఇప్పుడు ఎలా చెప్పను? నేను అరిచాను. నాన్న అరిచాడు. ఒడ్డున గేదెల్ని కడుగుతున్న ఆయన కూడా ఎందుకైనా మంచిదని అరిచాడు. ఆ నెలంతా సాయంత్రాలు మేం చేసింది ఆ పనే. లైసెన్సు సంగతి మాత్రం అడక్కండి, తర్వాత తీసుకున్నాను.

ఎండలు ముదిరేసరికి ఇంజను బుస్సుమనడం మొదలెట్టింది. ఆగి ఉన్నప్పుడు ఊగిపోయేది. నాన్న ఆటోనగర్‌లో తనకి తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాడు. లారీలంటే ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, ఇంజను వెనకనుంచి గేర్ల పెట్టెకి వెళ్లే ఒక రబ్బరు గొట్టం పట్టుకున్నాడు. ఎండకి బీటలు వారిపోయింది. ఊడదీసి తిరగేసి చూశాడు. నీళ్లు లేవు, నూనె లేదు, పెట్రోలు లేదు.

"ఇందులో ఏమీ పారట్లేదు మాస్టారూ. ఊరికే పెట్టాడు" అన్నాడు.

నాన్న కూడా తిరగేసి చూశాడు. ఇద్దరూ కాలవల దేశంలో పుట్టినవాళ్లు. నీళ్లు రాని బోదె ఉన్నా ఒకటే, పూడ్చినా ఒకటే అని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మేస్త్రి కర్ర చెక్కి రెండు బిరడాలు చేసి, ఇంజను వైపొకటి, గేర్ల పెట్టె వైపొకటి బిగించి కొట్టాడు. బుస్సుమనడం ఆగిపోయింది. ఇంజను పాలు తాగిన పిల్లలా పడుకుంది. నాన్న ఆయన్ని మెచ్చుకుని, ఇంటికొచ్చి మా అందరి దగ్గరా మళ్లీ మెచ్చుకున్నాడు.

మర్నాటినించీ కారు గుద్దడం మొదలెట్టింది. ఒకటో గేరులో గోలగోలగా చాలాసేపు అరిచి అరిచి, రెండోదానికి మారేటప్పుడు వెనకనుంచి ఎద్దు కుమ్మినట్టు ఒక్క కుమ్ము. మూడోదానికి ఇంకో కుమ్ము. వెనక సీట్లో మా నాయనమ్మ మొదటి కుమ్ముకి "ప్రభువా!" అనీ, రెండోదానికి "యేసయ్యా!" అనీ కేక పెట్టేది. ప్రకాశం బ్యారేజీ మీద మా వెనకాలే వస్తున్న రిక్షావాడు ఆ కేకలు విని, ఇది ప్రార్థన కూటాల బండి కాబోలనుకుని తలగుడ్డ తీసి దణ్ణం పెట్టాడు. అమ్మ ఒళ్లో సాంబారు క్యారేజీ తిరగబడిన రోజున మాత్రం మా ఇంట్లో ఎవరికీ దేవుడు గుర్తు రాలేదు.

ఊళ్లో వైద్యులకి కొదవా? గేర్ల నూనె చిక్కబడిందన్నారు, మార్చాం. కుమ్మింది. కింద బోల్టులు వదులయ్యాయన్నారు, బిగించాం. ఇంకా కులాసాగా కుమ్మింది. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ధైర్యంగా ముందు సీట్లో కూర్చుని, వీధి చివరిదాకా వెళ్లి, దిగి నడిచి వెనక్కి వచ్చారు. ఆఖరికి మేస్త్రి తేల్చి చెప్పాడు. "ఈ ఆటోమేటిక్ మనకి అచ్చిరాదు మాస్టారూ. పెట్టె మొత్తం దింపేద్దాం. పాత టాక్సీది మంచి గేర్‌బాక్సు ఉంది నా దగ్గర. క్లచ్ పెట్టి ఎక్కించేస్తే పీడా పోతుంది. సోమవారం తీసుకురండి."

ఆడలేక మద్దెల ఓడన్నాడట. కానీ మా ఇంట్లో అందరికీ ఆ మాట అమృతంలా వినిపించింది. అమ్మ స్తోత్రం చెప్పుకుంది. నాయనమ్మ నడుముకి నూనె రాసుకోవడం మానేస్తానంది. నాన్న నా మొహం చూసి, "నీకేం తల్లీ, పక్కన దర్జాగా కూర్చుంటావు" అన్నాడు.

నేను కంచం ముందునించి లేచిపోయాను. నాకు కోపం వస్తే అన్నం మీద చూపించడం చిన్నప్పట్నించీ ఉంది. ఆ జిల్లాలో నేను నడపగలిగిన బండి ఏదైనా ఉంటే అది ఆ ఒక్కటే. సోమవారం దానికి క్లచ్ పెడతారు. మంగళవారంనించి నేను మళ్లీ సామాను. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, నాకు నడపడం నేర్పిన మనిషికి కూడా. ఏడ్చాను కానీ, దుఃఖం కంటే కోపమే ఎక్కువ.

శనివారం పొద్దున కాలేజీలో వడపోత ప్రాక్టికలు. పంపుకి గొట్టం తగిలించి, సీసాలో గాలి లాగేసి, వడకట్టడం. ఒక అమ్మాయి సీసాకి గొట్టం పెట్టకుండా, "మేడమ్, ఇందులోంచి ఏమీ రావట్లేదండీ" అంది.

"రాదమ్మా. అది ఇచ్చేది కాదు, పీల్చేది. వేలు పెట్టి చూడు" అన్నాను.

ఆ పిల్ల వేలు పెట్టి కిచకిచ నవ్వింది. నేను స్టూలు మీద అలాగే ఉండిపోయాను. గొట్టం లోంచి ఏమీ రాదు. ఏమీ పారదు. ఊరికే పెట్టాడు! అంత డబ్బున్న అమెరికావాడు ఊరికే గొట్టం పెడతాడా? ఆ గంట ఎలా గడిచిందో, ఎవరికి ఏం చెప్పానో తెలీదు. బహుశా కొందరికి తప్పులే చెప్పి ఉంటాను.

రిక్షా దిగుతూనే నాన్నని వీధిలోంచే కేకేశాను. ఇంజను ఆన్ చేయించాను. బానెట్ ఎత్తించి, లోపలికి వంగి, ఇంజను వైపున్న కర్ర బిరడా పీకి, ఆ బెజ్జం మీద వేలు పెట్టాను. వేలు అతుక్కుపోయింది.

"నాన్నా! పీలుస్తోంది!"

"వేలు తియ్యవే, ఊడిపోతుంది!"

"ఊడదు! మీరు పెట్టండి!"

నాన్న పెట్టాడు. ఆయన మీసం కింద నవ్వు మొదలైంది. అప్పుడు ఆయనకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. గేర్లు మార్చడానికి చెయ్యీ లేదు, కాలూ లేదు. మరి ఇంజను ఎంత కష్టపడుతోందో ఆ పెట్టెకి ఎలా తెలుస్తుంది? ఈ పీల్పుతో తెలుస్తుంది. మనం మెల్లగా తొక్కితే పీల్పు గట్టిగా ఉంటుంది, అది మెత్తగా మారుస్తుంది. మనం బలంగా తొక్కితే పీల్పు తగ్గిపోతుంది, పెద్ద బరువేదో లాగుతున్నామనుకుని గట్టిగా బిగించి మారుస్తుంది. మనం దాని నోటికి బిరడా కొట్టాం. పీల్పే లేదు. పాపం, అది చదునైన బందరు రోడ్డు మీద కూడా కనకదుర్గమ్మ కొండ ఎక్కుతున్నాననుకుంటోంది.

నాన్న ఇంక ఆగలేదు. సైకిలెక్కి మందుల షాపుకి వెళ్లి, సెలైను ఎక్కించే ఎర్ర రబ్బరు గొట్టం తెచ్చాడు. పంచె ఎగ్గట్టి కారు కిందకి దూరాడు. కాళ్లు మాత్రమే కనపడుతుంటే అమ్మ వచ్చి, "ఈ వయసులో ఈ ఆటలేంటండీ" అని ఆ కాళ్లతో మాట్లాడి వెళ్లింది. గొట్టం బిగించి బయల్దేరాం. రెండో గేరు ఎప్పుడు పడిందో తెలీలేదు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపు మూడోదానికి దబ్బున కుమ్మింది.

నాన్న మొహం వాడిపోయింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే ఆ గొట్టం వడలిన కాడలా రెండువైపులా అతుక్కుపోయి ఉంది. పీల్చే గొట్టానికి గోడ మందంగా ఉండాలని వారానికి రెండుసార్లు పాఠం చెప్పేదాన్ని నేను! రిక్షాలో వన్‌టౌన్ పరిగెత్తించి, లాబొరేటరీ సామాన్ల షాపు తలుపు చెక్కలు వేస్తుంటే కర్ర అడ్డం పెట్టి ఆపి, బొటనవేలంత లావున్న నల్ల గొట్టం మూరెడు కోయించుకున్నాను. షాపాయన, "కాలేజీకాండీ?" అన్నాడు. "కారుకండీ" అన్నాను. ఆయన చెక్కలు వేయడం మర్చిపోయి నన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం చర్చికి నేనే నడిపాను. నాన్న నా కుడిపక్కన. స్టీరింగు ఎడమవైపు కాబట్టి కుడికి తిరిగేటప్పుడు చెయ్యి చూపించడం ఆయన ఉద్యోగం. నాయనమ్మ వెనక సీటు పట్టుకుని, కళ్లు మూసుకుని, "ప్రభువా" అనడానికి నోరు తెరిచి సిద్ధంగా కూర్చుంది. వీధి దాటాం. సెంటరు దాటాం. నాయనమ్మ నోరు తెరిచే ఉంది.

"ఏమే, ఇంకా గేరు మార్చదేం ఇది?"

"రెండూ మారిపోయాయి నాయనమ్మా!"

"అబద్ధం! నాకు చెప్పకుండా ఎప్పుడు మారింది?" అని కోప్పడింది. ఆవిడ కోపానికి నాకు నవ్వాగక స్టీరింగు వణికింది. నాన్న కుడివైపు చెయ్యి చాపి, తిరగాల్సిన మలుపు లేకపోయినా, దారంతా దర్జాగా ఊపుతూనే వచ్చాడు.

సోమవారం చెప్పిన మాట ప్రకారం ఆటోనగర్ వెళ్లాం, పెట్టె మార్చడానికి కాదు, చూపించడానికి. మేస్త్రి టాక్సీ గేర్‌బాక్సుని కిరసనాయిలుతో కడిగి తళతళా మెరిపించి ఉంచాడు. కారెక్కి ఒక చుట్టు తిరిగొచ్చాడు. కుమ్ము లేదు. అయితే ఆపేటప్పుడు ఎడమకాలు క్లచ్ వెతుక్కుంది. టోపీ ఎగిరి అద్దానికి తగిలింది. దిగి, ఆ నల్ల గొట్టాన్ని ముట్టుకుని, "అయితే ఇందులో పారేది గాలి కూడా కాదన్నమాట" అన్నాడు. ఆ మాటకి నాన్నకి ఆయన మళ్లీ గొప్పవాడైపోయాడు. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఎదురుగా ఉన్న టీ బడ్డీలోకి వెళ్లారు.

నేను కార్లో స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంజను ఆన్‌లో ఉంది. పక్క సీటు ఖాళీ. నేనేం ఆలోచించలేదు. పుల్ల కిందికి లాగాను.

కుడికి తిరగాలంటే చెయ్యి చూపించేవాళ్లు లేరు. అందుకని ఎడమకే తిరిగాను. ఇంకో ఎడమకి తిరిగాను. షెడ్లు అయిపోయాయి. కాలవ వచ్చింది, కాలవ పక్కన పచ్చటి నారుమళ్లు వచ్చాయి, గాలి నా జడ ఊడదీసింది. నాకొచ్చిన కీర్తనలన్నీ వరస తప్పి పాడాను. అప్పటిదాకా నేను ఎక్కడికి వెళ్లినా ఎవరికో ఒకరికి చెప్పే వెళ్లాను. రిక్షా ఎక్కితే ఊరు చెప్పాలి, ఎత్తి దింపేవాళ్లకి పని చెప్పాలి. కాలేజీ, చర్చి, డాక్టరు. పాతికేళ్లలో ఊరికే వెళ్లడమనేది నాకు లేదు. ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నానో ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు. ఎడమ, మళ్లీ ఎడమ, అలా తిరిగి తిరిగి, ఆటోనగర్ మలుపులో తేలాను.

నాన్న రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. వెనకాల మేస్త్రి. కారాపాను. నాన్న కిటికీ దగ్గరికొచ్చి, ఊడిన నా జడనీ, నా మొహాన్నీ చూశాడు.

"ఎక్కడికెళ్లావే తల్లీ?"

"ఎక్కడికీ లేదు నాన్నా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే ఇంకో చుట్టు తిరిగి రా. మా టీ ఇంకా అవలేదు."

ఆయన చేతిలో గ్లాసు ఖాళీగా ఉంది.