ఆగిన డప్పు

నా చిన్నప్పుడు దుర్గ్ దగ్గర స్టీలు ప్లాంటు కార్మికులుండే బస్తీ క్యాంప్ 2లో మా వీధికీ పెద్ద రోడ్డుకీ మధ్య లోతైన మురుగునీటి నాలా ఒకటి ఉండేది. దాని మీద ఇనుప వంతెన, మనుషులు నడవడానికి మాత్రమే. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి.

పక్కింటి అక్క పెళ్లయిన సాయంత్రం ఊరేగింపు ఆ వంతెన ఎక్కింది. నడుమ పెళ్లికూతురూ పెళ్లికొడుకూ, ముందు దుర్గ్ నుంచి వచ్చిన అతని స్నేహితులు. డప్పు దెబ్బకు అందరూ ఒక్కసారే ఎగిరి ఒక్కసారే దిగుతున్నారు. కాళ్ల కింద ఇనుము లేచి పడుతుంటే వాళ్లకు హుషారెక్కి ఇంకా ఎగిరారు. ఎగిరేకొద్దీ వంతెన మరింత ఊగింది.

ఊరేగింపు వెనక నాతో నడుస్తున్న తాతయ్య నా చెయ్యి వదిలి ముందుకు పరుగెత్తాడు. "ఆపండ్రా, డప్పు ఆపండి!" అని అరిచాడు. ఎవరూ వినలేదు. వాయించేవాడి చేతిలోంచి డప్పు లాక్కుని నాలాలోకి విసిరేశాడు. ఆట ఆగిపోయింది. కాసేపటికి వంతెనా నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"బుడ్డా పాగల్ హో గయా క్యా?" అని, ముసలాడికి పిచ్చెక్కిందా అన్నట్టు హిందీలో తిడుతూ పెళ్లికొడుకు స్నేహితుడొకడు తాతయ్య చెంప మీద కొట్టాడు. అక్క ఏడుస్తూ, "నా పెళ్లి రోజునే ఏటి తాతా ఈ పని?" అంది. మా వీధివాళ్లు ఒక్కరూ అడ్డు రాలేదు.

మర్నాడు నాకూ ఆయన మీద కోపమే. తాతయ్య ఇసుక నింపిన బకెట్టును దూలానికి తాడుతో వేలాడదీసి, వేలితో నెట్టమన్నాడు. అది కదిలీ కదలనట్టు కదిలింది. నా వైపు వచ్చి తిరిగి వెళ్లబోయే ప్రతిసారీ మళ్లీ నెట్టమన్నాడు. కాసేపటికి అంత బరువూ నా తల దాటి ఊగింది.

"బలం కాదమ్మా, తాళం. దేని ఊపు దానికుంటాది. మన తాళం దానితో కలిసిందంటే ఇనుమైనా ఆగదు."

"మరి వాళ్లకీ చెప్పొచ్చు గదా తాతా?"

"వంతెన పడుంటే నమ్ముదురు. పడనేదు గదా, ఇంక నాను పిచ్చోణ్నే."

ఆ తర్వాత పెళ్లిళ్లకు ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆయనా ఆ వీధిలో తలెత్తి నడవలేదు.

తాతయ్య పోయినప్పుడు అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడి, "మంచోడే గాని, నా పెళ్లి పాడుసేసినాడు" అంది. ఆమె వెనకే ఆమె పిల్లలిద్దరూ ఉన్నారు. వాళ్లను చూపించి, ఆ రోజు తాతయ్య డప్పు ఆపకపోతే వీళ్లు పుట్టేవాళ్లే కాదని ఒక మాట అందామనుకున్నాను. నమ్మదని తెలిసి ఊరుకున్నాను. ఈ వయసులోనూ ఆ మాట నా గొంతులో చేదుగానే ఉంది.