వెయ్యిన్నూట పదహారు అరలు

కంప్యూటరు గురించి మా సారుకు తెలిసింది ఒక్కటే, దాని ముందు కొబ్బరికాయ కొట్టాలని. గోదావరిఖనిలో బొగ్గు బావుల హాజరు కంప్యూటర్లకు ఆయనే పెద్ద. నేను ఆయన కింద కాంట్రాక్టు మనిషిని, నెట్‌వర్కు చూసేవాణ్ణి. తెలంగాణ కోసం ఊరంతా రోడ్ల మీదున్న రోజులవి.

బావి గేటు దగ్గర కార్మికుడు కార్డు గీకితే ఆ కబురు మా సర్వరుకు చేరి మస్టరు పడేది. చేరకపోతే నాగా. వచ్చిన ప్రతి కబురునూ ఒక అరలో పెట్టే పట్టిక సర్వరు నెట్‌వర్కు కోడులో ఉంటుంది. కొత్తగా రెండు బావులు కలిశాయి, ఐదువందల పన్నెండు అరలు చాలవు, వెయ్యి ఇరవై నాలుగు చేద్దామన్నాను.

"గదేం లెక్క? వెయ్యిన్నూట పదహారు పెట్టు. ఎక్కువకెక్కువ, శుభానికి శుభం," అన్నాడు సారు.

పెళ్లి చదివింపులనుకున్నాడు మహానుభావుడు! ఆ అరలు రెట్టింపవుతూనే పెరగాలి. వేరే అంకె వేస్తే కోడు తప్పని కూడా చెప్పదు, చాలా అరలను ఖాళీగా వదిలేసి మిగిలిన కాసిన్నింట్లోనే అన్నీ కుక్కుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. కానీ నా కాంట్రాక్టు పొడిగించే సంతకం ఆయనది. నోరు మూసుకుని ఆయన చెప్పిన అంకే వేశాను.

మర్నాడు మొదటి షిఫ్టుకే బండారం బయటపడింది. లెక్క తీస్తే పనిచేస్తున్నవి అరవై నాలుగు అరలే. వందల మంది ఒక్కసారి కార్డులు గీకేసరికి సర్వరు ఆ కుప్పల్లో వెతుక్కుంటూ కూర్చుంది, సగం కబుర్లు గల్లంతయ్యాయి. సారు మాత్రం ఎలుకలు కొరికాయని కేబుళ్లు మార్పించాడు. ఏం బుర్రో! మూడో రోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేనే వెయ్యి ఇరవై నాలుగు చేశాను. పది నిమిషాల పని. కేబుళ్ల వల్లే బాగయిందని సారు టీ తాగించాడు. సిగ్గులేకుండా తాగాను.

చాలామందికి ఒకటో రెండో నాగాలు పడ్డాయి, గొణుక్కుని ఊరుకున్నారు. అదే బావిలో పనిచేసే మా కాకకు, మా నాన్న తమ్ముడికి, మూడు పడ్డాయి. నాగాల మీద ఆయనకు అప్పటికే ఛార్జిషీటు ఉంది, ఇంకొక్కటి పడితే ఉద్యోగం పోతుంది. మూడు రోజులూ బావిలోకి దిగిన మనిషి. బావిలోకి దిగేముందు ల్యాంపు తీసుకున్నట్టు రాసే రిజిస్టరు చూపించినా, కంప్యూటరు చెప్పిందే ఖాయమన్నారు ఆఫీసులో. విచారణవాళ్లు అడిగితే, తన పరువు పోతుందని, మిషనులో ఏ లోపమూ లేదని సారు కాగితం రాయించాడు. కింద సంతకం నాది. సారును ఇంతసేపు తిట్టాను గానీ, తన అంకే కారణమని ఆయనకు నిజంగానే తెలియదు. తెలిసిన వెధవను నేనొక్కణ్ణే.

ఉద్యోగం పోయిన కాగితం అందిన రోజు కాక మా ఇంటికొచ్చాడు. కొట్టినా బాగుండేది. మంచం అంచున కూర్చుని మెల్లగా అన్నాడు.

"నువ్వు సంతకం పెట్టినవంటే నిజమే అయ్యుంటది కొడుకా. నాకే యాది లేదేమో, డ్యూటీకి పోయిన్నో లేదో."

అవునన్నట్టు తల ఊపాను.