మూత చిల్లులో సబ్బు

నిన్న మెకానిక్ నా స్కూటర్ పెట్రోలు మూత తిప్పగానే సుయ్‌మంది. "మూత చిల్లు మూసుకుపోయింది మేడం. లోపలికి గాలి పోకుంటే పెట్రోలు దిగదు," అన్నాడు. నాకు వెంటనే ఒక పాత కారు గుర్తొచ్చింది.

కరోనా రోజుల్లో, నేను బడికి పోయే వయసులో, సూరత్ లింబాయత్‌లో మా బాపు, అంటే మా నాన్న, నడిపే కార్ల రిపేరు షెడ్డుకు ఒక పాతకాలపు కారు సర్వీసింగుకు వచ్చింది. దాని పెట్రోలు మూతకున్న సన్నని చిల్లులోంచి రోగం దూరుతుందేమోనని నేను తడి సబ్బు కూరాను. టాంకు కారితే బాపు పెట్టేదీ సబ్బే కదా!

ఆ కారు నాలుగు వీధులు తిరిగి ఆగిపోయేది. బాపు కార్బురేటర్ మూడుసార్లు కడిగాడు, పైపులు నోటితో ఊదాడు. చివరికి యజమాని, "రహ్‌నే దో ఉస్తాద్," ఇక వదిలెయ్యమని చెప్పి కారును తోయించుకుపోయాడు.

ఆ తర్వాత ఎవరు పాత కారు తెచ్చినా బాపు ముట్టలేదు. "గివి నాతోని కావు భాయ్," అనేవాడు.

ఆ మాట ఆయన నోట పలికించింది నేనే.