ఏడో తరగతి వద్దన్న నీళ్లు

తొంభైల మొదట్లో నేను కాలువ నీళ్లుండే హాలియాలో కిరాయికి ఉండి, కాలువ అందని ఒక మెట్ట ఊళ్లో టీచరుగా పనిచేశాను. ఆ ఊరి బోరింగు నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్లన్నీ గారపట్టి ఉండేవి. కొందరికి కాళ్లు వంగిపోయాయి. నా నీళ్లు నేను హాలియా నుంచి సీసాలో తెచ్చుకునేదాన్ని.

శనివారం చివరి పీరియడులో ఏడో తరగతికి ఒక ఇంగ్లీషు నవల తెలుగులో చెప్పేదాన్ని. ఎప్పుడో రాబోయే కాలంలో ఒక నగరం. అక్కడ సర్కారు ఇచ్చే నీళ్లు తాగిన మనిషికి ఎదురడగాలనే బుద్ధి పుట్టదు. పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఆ నీళ్లు మానేస్తుంది. కథ బాగుందని మొదలుపెట్టాను. ఆ ఊరి నీళ్ల సంగతి నాకు తట్టనేలేదు.

ముందు వరసలో కూర్చునే దర్జీ కూతురు గోడ పట్టుకుని నడిచేది. ఆ పిల్లే అడిగింది.

"గా సర్కారోళ్లు గూడ గవే నీళ్లు తాగుతరా టీచర్?"

తాగరన్నాను. నవల్లో అలాగే ఉంది. పిల్లలంతా బల్ల మీదున్న నా సీసా వైపు చూశారు.

సోమవారం ఏడో తరగతి బోరింగు దగ్గరికి పోలేదు. ఏం నూరిపోశారని హెడ్మాస్టరు నన్ను పిలిచి అడిగారు. సాయంత్రానికి దాహం ఆగక ఒక్కొక్కరే తాగారు, దర్జీ కూతురు తప్ప. మర్నాడు వాళ్లమ్మ ఆ పిల్లను నడిపించుకుని వచ్చింది. పెదాలు ఎండిపోయాయి. చాయ్ కూడా ఆ నీళ్లదేనని ముట్టలేదట.

ఆమె కోప్పడలేదు. "మంచి నీళ్లు యాడికెల్లి తేవాలె టీచరమ్మా? తాగుమని జర మీరే చెప్పుండ్రి. మీ మాటైతే ఇంటది."

సీసాలో మిగిలిన నీళ్లు పిల్లకిచ్చాను. గటగటా తాగేసి, "మా తమ్మునికి గూడ రోజు తెస్తరా టీచర్?" అంది.

బోరింగు కొట్టి, గ్లాసు నింపి, తాగమ్మా అన్నాను. తాగింది. నా వైపు చూడలేదు.

మండలాఫీసుకు అర్జీ పెట్టాను. ఒకాయన వచ్చి పరీక్షకని సీసాలో బోరింగు నీళ్లు పట్టుకుపోయాడు, మళ్లీ రాలేదు. మిగతా నవల నేను చెప్పలేదు, పిల్లలూ అడగలేదు. సీసా తేవడం మానేసి నేనూ బోరింగు నీళ్లే తాగాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఆ పిల్ల ఏడు పాసైంది. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల అవతల. నడవలేదని తండ్రి మిషను పక్కన కూర్చోబెట్టాడు. బదిలీకి ముందు అక్కడే ఒక జాకెట్టు కుట్టించుకున్నాను. హుక్కులు ఆ పిల్లే కుట్టింది. కొలత సరిపోయిందా అని మాత్రం అడిగింది.