గొర్రెలు నా మాట విన్నాయని

అక్కా నేనూ ఒకే ఏడు ఐదో తరగతి పాసయ్యాం. అక్క బళ్ళో ఆలస్యంగా చేరింది, నేను తొందరగా చేరాను. మార్కులు మాత్రం నాకే ఎక్కువ. ఎవరూ అడక్కపోయినా ఈ మాట ఇప్పటికీ చెబుతుంటాను.

హైస్కూలు చదువంటే ఆత్మకూరు హాస్టల్లో ఉండాలి. ఉదయగిరి కొండ కింది మా పల్లె నుంచి అప్పటిదాకా ఒక్క ఆడపిల్లా పోలేదు. ఒకరు కదిలితే చాలు, మిగతావాళ్ళు వెనకే వస్తారని బడి అయ్యవారు ఇంటికొచ్చి నాయనకు నచ్చజెప్పాడు. నాయన సరేనన్నాడు. కానీ ఇద్దరం పోతే మా గొర్రెల మందను చూసేదెవరు? ఆయనకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే మమ్మల్ని మంద దగ్గరికి తీసుకుపోయి పిలవమన్నాడు. అక్క పిలిస్తే ఒక్క గొర్రె తలెత్తలేదు. నేను పిలిచేసరికి మందంతా కదిలొచ్చింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

"పెద్దది బడికి పోతాది. గొర్రెలు దీని మాట వింటాయి, ఇది ఇంటికాడ ఉంటాది," అన్నాడు నాయన.

ఆ పొద్దు నేను పిలవకుండా నోరు మూసుకుని ఉండాల్సింది.

సెలవులకు అక్క రిబ్బన్లు కట్టుకుని బస్సు దిగేది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. పక్కన పడుకుంటే ఆమె దగ్గర సబ్బు వాసన, నా దగ్గర మంద వాసన. అయ్యవారు చెప్పినట్టే మా ఊరి ఆడపిల్లలు ఒక్కొక్కరే ఆత్మకూరు బస్సెక్కారు. ఊరికి మంచే జరిగింది. నాయన తప్పు లేదు, అక్క తప్పు అసలే లేదు. తిట్టడానికి ఒక్క మనిషీ దొరక్కపోవడం నన్ను మరీ కాల్చేది. ఊరి మంచికోసం నీ చదువు పోయిందనుకో అని ఓదార్చినవాళ్ళు చాలామంది. వాళ్ళెవరూ ఎండలో మంద వెంట తిరిగినవాళ్ళు కారు.

నన్ను ఊళ్ళోనే, మళ్ళీ గొర్రెలున్న ఇంటికే ఇచ్చారు. అక్క టీచరై మా ఊరి బడికే వచ్చింది. నా కూతురు ఐదు పాసైన వారానికి అక్క మా గుమ్మంలో నిలబడింది.

"ఆ పొద్దు ఇద్దర్లో ఒకరే పోవాల్సొచ్చింది. నేను పోయినాను. నీ బిడ్డకు నీ గతి పట్టించొద్దే," అన్నది.

ఆ మాట ఆమె నోటి నుంచి రావడమే నాకు మండింది. అయినా మా ఆయనతో పోట్లాడి సగం మంద అమ్మించాను, బిడ్డను హాస్టల్లో చేర్పించడానికి ఒప్పించాను.

బస్సు కదులుతుంటే బిడ్డ కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇన్నేళ్ళ నా కుళ్ళు ఇక తీరినట్టే అనుకున్నాను. తీరలేదు. అక్కను వదిలి నా బిడ్డ మీదికి పోయింది.