తమ్ముడి జడ

మొన్న తిరుపతి ఆసుపత్రిలో మనవడు మందుల కోసం వరుసలో నిలబడితే, నేను పక్కనే బల్ల మీద కూర్చున్నాను. ఇంతలో ఒక పల్లెటూరి తల్లి వచ్చి నా పక్కన కూలబడి, జ్వరంతో వాడిపోయిన మూడేళ్ళ కొడుకును ఒళ్ళో వేసుకుని, పసుపు గుడ్డ మూటొకటి తీసి కొంగు చాటున విప్పసాగింది. పిల్లవాడి నెత్తిన చిన్న జడ ఉంది. మీలో నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ మూట కొండమీది స్వామికి మొక్కుకుని కట్టిన ముడుపు.

మాది చంద్రగిరి. తెల్లదొరల పెద్ద యుద్ధం జరుగుతున్న కాలం. నాయన పెద్దింటి వాళ్ళ చేను సేద్యం చేసి, పండినదాంట్లో సగం వాళ్ళకే కొలిచేవాడు. ఇద్దరు బిడ్డలు పోయాక దక్కిన నలుసు మా తమ్ముడు. వాడి పుట్టువెంట్రుకలు కొండమీద ఇస్తానని మొక్కుకుని, అమ్మ ప్రతి శనివారమూ ఒక కాసు పసుపు గుడ్డలో ముడివేసేది. ఇంటిల్లిపాదీ పస్తులున్నా సరే, హుండీలో వేసేదాకా ఆ ముడి విప్పకూడదు. ముడుపు చెల్లేదాకా పిల్లవాడి తల మీద కత్తి పడకూడదు.

వాడికి మూడో ఏట చలిజ్వరం పట్టుకుంది. అదే వారంలో పెద్దింటి పిల్లవాడికీ వచ్చింది. జ్వరానికి పక్షపాతం లేదు కదా! వాళ్ళింటికి తిరుపతి నుంచి జట్కాలో డాక్టరు వచ్చాడు. మేము ఖాళీ సీసా పట్టుకుని ధర్మాసుపత్రికి వెళ్తే, యుద్ధం మూలాన క్వినైను రావడం లేదని, బజారులో దొంగచాటుగా అమ్ముతున్నారని, కొనుక్కుంటే తప్ప బిడ్డ దక్కడని చెప్పారు. ఇంట్లో ఉన్న డబ్బల్లా ఆ ముడుపే.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ముడుపు కట్టిన దేవుడి పటానికి అడ్డంగా నిలబడింది. స్వామి సొమ్ము ముట్టుకుంటే వంశం నిలవదని ఆమె భయం. అత్త ముందు ఏనాడూ గొంతెత్తని అమ్మ, ఆ పొద్దు తలకు నీళ్ళు పోసుకుని తడిచీరతోనే వచ్చింది.

“బిడ్డ బతికుంటేనే గదత్తా తలనీలాలిచ్చేది! ఆయన వడ్డికాసులోడు, వడ్డీ వేసి ఇస్తాలే. ఈ జొరం ఆగతాదా?” అని ముడి విప్పేసింది.

నాయన నడిచిపోయి మాత్రలు తెచ్చినాడు. అంగడివాడు పసుపంటిన ఆ కాసులు చూసి, సంగతి గ్రహించి, భక్తిగా కళ్ళకద్దుకున్నాడట, వెలలో మాత్రం ఒక్క కాసు తగ్గించలేదట. ఈ మాట నాయన బతికినన్నాళ్ళూ చెప్పి నవ్వేవాడు. పెద్దింటి వాళ్ళు కొన్నదీ ఆ మాత్రలే, మేము కొన్నదీ ఆ మాత్రలే, వెలా ఒకటే. వాళ్ళకది తాంబూలం ఖర్చు, మాకు దేవుడి సొమ్ము.

ఇద్దరు పిల్లలూ లేచి తిరిగారు. తర్వాతి నెలలోనే పెద్దింటి పిల్లవాడు డోలీలో కొండెక్కి గుండుతో దిగివచ్చాడు. మా వాడికి జడ పెరిగింది. అవ్వ తనంతట తానే ఆకూ వక్కా మానేసి, కొత్త పసుపు గుడ్డలో మొదటి కాసు వేసింది. వడ్డీతో సహా చేరేసరికి ఏళ్ళు పట్టింది. బళ్ళో వేసేనాటికి జడ నడుం దాటింది. తోటి పిల్లలు వాణ్ణి అమ్మణ్ణీ అని ఏడిపిస్తే, అమ్మ ఏమాత్రం సిగ్గుపడకుండా ఆ జడలో కనకాంబరాలు తురిమి పంపేది. చివరకు శ్రీవారి మెట్టు దారిన అందరమూ నడిచి వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. అమ్మ చేసింది తప్పని నేను ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను.

ఇప్పుడు చలిజ్వరం మాత్రలు ఊరికే ఇస్తారు, కొండకు బస్సులు పోతాయి, ఆసుపత్రులు అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. కాలం మారిపోయిందని ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని నేనే. నా పక్కన ఆ తల్లి మాత్రం బయట కొనమన్న మందుల చీటీ పక్కన పెట్టుకుని, ముడి సగం విప్పి మళ్ళీ బిగించి కూర్చుంది. నేను పిల్లవాడి జడ నిమిరి, మెల్లగా అన్నాను:

“విప్పమ్మా, స్వామి ఆగతాడు. ఇంకొన్నాళ్ళు జడ పెరగనీ. దాంట్లో పూలు పెట్టు, ముద్దుగా ఉంటాడు.”