హుఫూఫ్‌లో పుట్టిన ప్రెసిడెంటు

ఇంద్రజకు పోలీసు బండి అంటే భయం. మెట్ల మీద బూట్ల చప్పుడంటే భయం. ఎవరైనా తలుపు కొడితే చాలు, వంటింట్లోకి పోయి గ్యాస్ బండ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడేది. ఇవన్నీ ఒక ఎత్తు, తొమ్మిదేళ్ళ హాసిని నోరు ఒక ఎత్తు. ఆ పిల్లకు ఊరుకోవడం తెలియదు. బడి నుంచి వస్తూనే మొదలుపెడితే నిద్రలో కూడా ఆపదు. ఆ నోటి నుంచి ఏ పూట ఏ ప్రశ్న వస్తుందోనని ఇంద్రజ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికేది.

హాసిని ఆమెను పిన్నీ అంటుంది. అనాల్సింది అమ్మా అని. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురికే తెలుసు. కన్నది ఇంద్రజ. కాగితం మీద తల్లి ఆమె అక్క చిట్టెమ్మ, తండ్రి బావ ప్రభాకర్. పెదవి దాటితే పృథివి దాటుతుందని ముగ్గురూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

అక్కాచెల్లెళ్ళది రాజోలు దగ్గర పల్లె. పెద్దదానికి నాయనమ్మ పేరు పెట్టారు. రెండోదానికి వాళ్ళ నాన్న ఎక్కడో విని ముచ్చటపడ్డ పేరు పెట్టాడు. పేరు సోకుగా ఉంటే రాత కూడా అలాగే ఉండాలని ఎక్కడుంది? చిట్టెమ్మ ఏసీ మెకానిక్కును చేసుకుని ఫ్యామిలీ వీసా మీద దర్జాగా సౌదీలోని హుఫూఫ్‌లో దిగింది. ఇంద్రజ అదే ఊళ్ళో ఒక పెద్దింటికి పనిమనిషిగా వచ్చింది. ఆ ఇంటి ముసలావిడ చేతికర్ర నడవడానికి తక్కువ, కొట్టడానికి ఎక్కువ వాడేది. ఏడాది తిరక్కుండానే ఇంద్రజ కట్టుబట్టలతో అక్క ఇంటికి వచ్చేసింది. కఫీలు, అంటే ఆ ఇంటి యజమాని, మనిషి పారిపోయిందని హురూబ్ కేసు పెట్టించాడు. హురూబ్ పడ్డ మనిషికి ఇకామా, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఉన్నా లేనట్టే. వీధిలో పట్టుబడితే జైలు, ఆ తర్వాత విమానం.

అలాంటి రోజుల్లో సురేంద్ర అనే క్రేను డ్రైవరు ఆమెను ఇష్టపడ్డాడు. అక్క వాళ్ళ ముందుగదిలోనే తాళి కట్టాడు. కాగితాలు లేని పెళ్ళి. ఆమె నాలుగో నెల కడుపుతో ఉండగా సెలవు మీద ఊరికెళ్ళాడు, అన్నీ సర్దుకుని వస్తానన్నాడు. ఆ తర్వాత అతని ఫోను మోగనే లేదు. అలాంటివాళ్ళ ధైర్యం విమానం మెట్ల దాకానే.

నొప్పులు వచ్చేసరికి అసలు భయం ఎదురొచ్చింది. ఆసుపత్రిలో ఇకామా అడుగుతారు, పెళ్ళి కాగితం అడుగుతారు. రెండూ లేని ఆడమనిషి కాన్పుకు వస్తే వాళ్ళు ముందు పిలిచేది డాక్టర్ను కాదు. అప్పుడు చిట్టెమ్మ తన ఇకామా తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. ముఖానికి నఖాబ్ ఉంటే బయట కనపడేవి కళ్ళే, ఆ ఇద్దరి కళ్ళూ ఒకే అచ్చు. పిల్ల క్షేమంగా పుట్టింది, చిట్టెమ్మ కూతురుగా పుట్టింది.

ఈ ఉపాయం వాళ్ళకు కొత్త కాదు, సొంతూళ్ళో చూసిందే. వాళ్ళ పెద్దమ్మ ఒకసారి ప్రెసిడెంటుగా నిలబడింది. ఆ వైపు సర్పంచిని ప్రెసిడెంటనే అంటారు. అప్పట్లో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారు. ఆవిడకు ముగ్గురు. మూడోవాణ్ణి ముందుచూపుతో చెల్లెలి పేరున ఆసుపత్రిలో రాయించారు. నామినేషన్లు చూసే రోజున ఎదుటి వర్గం వాళ్ళు ఆ పిల్లాడి చేతిలో జిలేబీ పెట్టి, మీ అమ్మేదిరా అని అడిగారు. వాడు పరుగెత్తుకెళ్ళి కన్నతల్లి కొంగులోనే మొహం దాచుకున్నాడు. అందరూ నవ్వారు, నామినేషన్ పోయింది. పద్నాలుగేళ్ళ ఇంద్రజ గుంపులో నిలబడి అదంతా చూసింది. పెద్దమ్మ కన్నా ఆమెకు ఆ పిల్లాడి మొహమే గుర్తుండిపోయింది. తానేదో తప్పు చేశానని వాడికి తెలిసింది, ఏం తప్పో తెలియలేదు.

సరిగ్గా ఈ ప్రెసిడెంటు గొడవనే హాసిని ఒక రోజు బడి నుంచి మోసుకొచ్చింది. దేశాధ్యక్షుడు ఎవరు కావచ్చో క్లాసులో టీచరు చెప్పారట. అమెరికాలో అయితే పుట్టుకతోనే ఆ దేశపు పౌరుడై ఉండాలట. ఇండియాలో ఆ పట్టింపు లేదట. పౌరురాలైతే చాలు, ముప్పై అయిదేళ్ళు నిండితే చాలు, ఎక్కడ పుట్టినా ఫరవాలేదట. సౌదీలో పుట్టినంత మాత్రాన ఈ దేశం వాళ్ళు కారు గనుక, తల్లిదండ్రులది ఏ దేశమో పిల్లలదీ అదేనట. కాబట్టి తాను రాష్ట్రపతి కావాలని తీర్మానించుకున్నట్టు ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని ప్రకటించింది.

ప్రభాకర్‌కు నవ్వుతో పొలమారింది. చిట్టెమ్మ ఉప్పు తీసి దిష్టి తిప్పింది. ఇంద్రజ మాత్రం ముద్ద కంచంలోనే వదిలేసింది. పల్లెటూరి ప్రెసిడెంటు పదవికే జిలేబీ పెట్టి మరీ ఆరా తీశారే, దేశానికి ప్రెసిడెంటంటే ఈ ఊరొచ్చి ఆసుపత్రి పునాదులు తవ్వరూ? ఎన్నో ఏళ్ళ తర్వాత వేస్తుందో వెయ్యదో తెలియని నామినేషన్‌కు ఆ పిచ్చిది అప్పుడే వణికిపోయింది. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆ పిల్ల కాళ్ళ కింద ఉన్న నేలంతా ఆ కాగితం మీది రెండు పేర్లే. అవి అబద్ధమని తేలితే బిడ్డ ఏ దేశానికీ కాకుండా పోతుందని ఆమె భయం. చట్టం ఏమంటుందో ఆమెకు తెలియదు, అడగడానికి ధైర్యం లేదు.

హాసిని ఊరుకుంటేనా. బడిలో తన గురించి చెప్పాలట, పుట్టిన రోజు సంగతులు కావాలంది. చిట్టెమ్మ గబగబా నీళ్ళ బిందె అందుకుంది. ఇక హాసిని పిన్ని కొంగు పట్టుకుంది.

"నేను పుట్టినప్పుడు అమ్మ బాగా ఏడ్చిందా పిన్నీ? నువ్వెక్కడున్నావప్పుడు?"

"బయట కుర్చీలో కూర్చున్నానే," అంది ఇంద్రజ. "నాకేం తెలుత్తాది?"

ఆ అబద్ధం చెప్పాక ఆమె స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది.

ఈలోగా ఊళ్ళో తనిఖీలు ఎక్కువయ్యాయి. పక్క బిల్డింగులో ఒక హురూబ్ మనిషి దొరికితే, ఆమెతోపాటు గది ఇచ్చిన వాళ్ళనూ పట్టుకెళ్ళారు. ప్రభాకర్ అన్నం సగంలోనే వదిలేసి లేచేవాడు. తాను ఈ ఇంట్లో దొరికితే పోలీసులు అందరి కాగితాలూ పరుస్తారని, అందులో హాసినివీ ఉంటాయని ఇంద్రజకు అర్థమైంది. ఇన్నాళ్ళూ బిడ్డ కోసమే ఉండిపోయింది. ఇప్పుడు ఉండడమే బిడ్డకు ముప్పు. తానే వెళ్ళిపోతానంది. అక్క కాళ్ళ మీద పడి, పిల్లను కడుపులో పెట్టుకుని చూసుకోమంది.

ఇంద్రజలా పాస్‌పోర్టు కఫీలు దగ్గరే వదిలేసి వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళడానికి మన ఎంబసీ ఔట్‌పాస్ ఇస్తుంది. వాటి కోసం ఒక శుక్రవారం ఊళ్ళోని ఒక హాల్లో క్యాంపు పెట్టారు. కారులో పిల్లలుంటే చెక్‌పోస్టులో ఎక్కువ చూడరు, అందుకని ప్రభాకర్ హాసినిని కూడా ఎక్కించుకున్నాడు. చిట్టెమ్మ రాలేనంది, తలుపు దగ్గరే ఆగిపోయింది. చెక్‌పోస్టు దగ్గర సిపాయి కిటికీలోంచి చూసి, పిల్ల సలాం చెబితే నవ్వి పంపించేశాడు.

క్యాంపులో తెలుగువాళ్ళ బల్ల దగ్గర సీతారామయ్య గారని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎంబసీ తరఫున ఇలాంటివాళ్ళకు సాయం చేసే మనిషి. నెమ్మదిగా ఊరూ పేరూ అడిగి రాసుకున్నాడు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశాడు.

"ఇక్కడ నీకు పిల్లలెవరైనా పుట్టారా అమ్మా? ఉంటే ఇప్పుడే చెప్పు. కాగితాలు లేవని భయపడకు. డీఎన్‌ఏ పరీక్ష చేయించి తల్లీబిడ్డల్ని కలిపి పంపించాం, నేనే దగ్గరుండి చేయించాను. లేరని రాయించుకుని వెళ్ళిపోయాక మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు."

ఇన్నేళ్ళలో ఇంత మెత్తగా ఈ మాట ఆమెనెవరూ అడగలేదు. ఒక్క మాట చాలు, బిడ్డ తనదవుతుంది. ఆ మాట వెనకాలే అక్కకూ బావకూ సంకెళ్ళు పడతాయి. ఇకామా ఎవరిచ్చారు, పిల్ల పాస్‌పోర్టులో ఆ పేర్లెందుకున్నాయి అని అడుగుతారు. పరీక్షలయ్యే దాకా హాసినిని ఎక్కడ ఉంచుతారు? ఎవరి పిల్లంటారు? ప్రభాకర్ నేల చూపులు చూస్తున్నాడు, చెంప మీదుగా చెమట కారుతోంది. ఇంద్రజ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని, రెండు చేతులా బల్ల అంచు పట్టుకుంది.

పిన్ని భయపడుతోందని హాసినికి అర్థమైంది. పెద్దాయన ఏదో కోప్పడతాడని జంకుతోంది కాబోలనుకుని, ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా పిన్నికి పిల్లల్లేరండీ," అంది గట్టిగా. "నేనే ఉన్నాను."

పెద్దాయన నవ్వాడు. "ఇంకేం మరి," అని కలం అందుకుని, మాట ఖాయం చేసుకోవడానికి ఇంద్రజ వైపు చూశాడు. "అంతేనా అమ్మా?"

పిల్ల చెయ్యి ఆమె చేతిలో వెచ్చగా ఉంది.

"ఆయ్, అంతేనండి," అంది ఇంద్రజ.

ఆయన రాసుకుని, తర్వాతి మనిషిని పిలిచాడు.